రెడ్డెమ్మ చేతి మీది మూడు చురకలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద కూడా అంతంతమాత్రమే. నర్సు ఉద్యోగం నేర్పిన గుణం అది. మార్చురీ పక్క వార్డులో ఏళ్ళ తరబడి డ్యూటీ చేశాను, ఒక్క దయ్యమూ పలకరించలేదు. నొప్పి దాచేవాళ్ళనీ, లేని నొప్పి చెప్పి సెలవు చీటీ రాయించుకునేవాళ్ళనీ మాత్రం బోలెడుమందిని చూశాను. అందుకే ఎవరైనా వింత చెబితే, ఇందులో ఎవరికేం లాభమని ముందు ఆరా తీస్తాను. ఈ విషయంలోనూ తీశాను. ఇంకా తీస్తూనే ఉన్నాను.

మాది తెనాలి పక్క పల్లె. అప్పట్లో రియాద్‌లో, మలాజ్ దగ్గర ఒక చిన్న స్కిన్ క్లినిక్‌లో పనిచేసేదాన్ని. అవి నితాఖత్ రోజులు. ప్రతి సంస్థలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలి, లేకపోతే మనబోటివాళ్ళు అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డులు రెన్యూ కావు. మా క్లినిక్‌లో తర్జుమా చేసే హైదరాబాద్ ఆయన వెళ్ళిపోయాడు. నాతో పనిచేసే మలయాళీ నర్సు కూడా వెళ్ళిపోయింది. వెంట ఉన్న కుటుంబాల మీద తలకింతని నెలనెలా లెవీ వేశాక మావారినీ పిల్లాడినీ నేనే ఊరికి పంపేశాను. క్లినిక్‌లో కట్లు, ఫొటోలు, తర్జుమా అన్నీ నా నెత్తినే పడ్డాయి. జరిగినదానికి మొదటినుంచీ దగ్గరున్నది నేనొక్కదాన్నే అని చెప్పడానికే ఇదంతా.

ఒకరోజు ఒక సౌదీ మేడం తన ఇంట్లో పనిచేసే మనిషిని తీసుకొచ్చింది. మేడం బడిలో టీచరు. వెంట అత్తగారు, బడి వయసు రాని కూతురు రీమా వచ్చారు. పనిమనిషి మన రాయచోటి దగ్గరి రెడ్డెమ్మ. ఎడమ ముంజేతి లోపలివైపు, మణికట్టుకి కాస్త పైన, ఉబ్బుగా మూడు గీతలున్నాయి. మధ్య గీత చివర వంకర తిరిగింది.

ఎలా వచ్చాయని మా సిరియా డాక్టరమ్మ అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"సిన్నప్పుడు ఫిట్స్ వస్తా ఉంటే మా యమ్మ సురకలు పెట్టిచ్చిందక్కా" అంది రెడ్డెమ్మ.

మా వైపు చురకలంటే నాయకులు ఒకరికొకరు అంటించుకునేవి. ఇనప కడ్డీ కాల్చి వాతలు పెట్టారన్నమాట అని తెలియడానికి నాకు క్షణం పట్టింది. అరబ్బుల ముందు మన పరువెందుకు తీసుకోవాలని, వంటింట్లో కాలిందట అని చెప్పేశాను. మేడం అత్తగారు నన్ను చూసి నవ్వింది. తన అబాయా చెయ్యి పైకి లాగి గుండ్రటి పాత మచ్చలు చూపించింది. "కయ్" అంది. వాళ్ళ హాయిల్ వైపు పల్లెల్లోనూ జబ్బు చేస్తే కాల్చేవాళ్ళట. పెద్దావిడ దగ్గర నా పప్పులు ఉడకలేదు.

మేడం బాధ వేరు. రీమాకి ఆ గీతలు తడుముతూ ఉంటేగానీ నిద్ర రాదట. తల్లి పక్కన పడుకోబెడితే ఏడ్చి లేచి రెడ్డెమ్మ చెయ్యి వెతుక్కుంటూ పోతుందట. మచ్చ తీసేస్తే సరే, లేకపోతే మనిషిని ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపేస్తానని మేడం తేల్చి చెప్పింది. పనిమనిషి మీద తల్లికి అసూయ అని నాకర్థమైంది. రెడ్డెమ్మ కొడుకు ఊళ్ళో చదువుకుంటున్నాడు, ఇంటికి ఈమె జీతమే ఆధారం.

డాక్టరమ్మ ఓపిగ్గా ఉన్న దారులన్నీ చెప్పింది. ఉబ్బు తగ్గడానికి ఇంజెక్షన్లు ఇవ్వొచ్చు. లేజర్‌తో రంగు తగ్గించొచ్చు. పై పొర గీరి చదును చేయొచ్చు. మచ్చ చర్మాన్ని పట్టి లాగుతుంటే వంకరగా కోసి ఆ బిగువు వదిలించొచ్చు. మరీ పెద్దదైతే తొడ చర్మం తెచ్చి అతుకుతారు. ఇది చిన్నదే కాబట్టి మూడు గీతల్నీ కలిపి కోసి తీసేసి, అంచులు దగ్గరికి లాగి కుట్టేస్తే సన్నటి ఒకే గీత మిగులుతుంది. ఏం చేసినా మచ్చ మాయం కాదు, పెద్ద మచ్చ పోయి చిన్న మచ్చ వస్తుందంతే అని కూడా చెప్పింది. అన్నీ రెడ్డెమ్మకి చెప్పాను.

"కోసుకోమనక్కా. పని ఉంటే సాలు" అంది.

చెయ్యి వరకు మత్తిచ్చి కోశారు. కోసిన ముక్కని పరీక్షకి పంపడానికి సీసాలో వేసి మూత బిగించింది నేనే. మూడు గీతలూ అందులోనే ఉన్నాయి.

కట్టు మార్చే రోజు రీమా కూడా వచ్చింది. తనకీ కట్టు కావాలని ఒకటే పేచీ. కుడిచేతిలో ఖర్జూరం బిస్కెట్ ఉంది, అందుకని ఎడమ చెయ్యి చాపింది. చెయ్యంతా జిడ్డు. తడిదూదితో ముంజేతి దాకా తుడిచి, గాజుగుడ్డ చుట్టాను. లోపలివైపు పచ్చటి నరాలు తప్ప ఏమీ లేదు. ఈ మాట ఎంతమంది అడిగినా, ఎన్నిసార్లు అడిగినా ఇలాగే చెబుతాను.

కుట్లు విప్పాం. సన్నటి ఎర్ర గీత మిగిలింది. మేడం సంతోషించింది.

కొన్ని వారాల తరవాత మిట్టమధ్యాహ్నం మేడం క్లినిక్ తలుపు తోసుకుని వచ్చింది. చంకలో రీమా, వెనక పెద్దావిడ, ఆ వెనక ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయిన రెడ్డెమ్మ. మేడం కూతురి ఎడమ చెయ్యి తిప్పి బల్ల మీద పెట్టింది. లోపలివైపు, మణికట్టుకి కాస్త పైన, మూడు గీతలు. మధ్యది చివర వంకర.

తనది తీయించానన్న కక్షతో నా బిడ్డని కాల్చింది, పోలీసుల దగ్గరికి వెళుతున్నాను, ముందు మీరు చూసి రాసివ్వండి అంది మేడం.

నిజం చెప్పొద్దూ, నేనూ ముందు రెడ్డెమ్మనే అనుమానించాను. పక్కకి లాగి గట్టిగా అడిగాను.

"నా కొడుకు మింద ఒట్టక్కా, నాకేం తెల్దు" అంది. "నాది తీసేసినాక గూడా బిడ్డ రోజూ నా సెయ్యి తడిమి ఎతికేది. ఏదీ, ఏదీ అనేది. నాలుగు దినాల కింద ఎతకడం మానేసింది. తన సెయ్యి తనే తడుముకుంటా పండుకునింది. ఏందా అని దీపమేసి సూస్తే ఇది."

నేను నమ్మలేదు. రంగు పూశారేమోనని స్పిరిట్‌తో రుద్దాను. పోలేదు. డాక్టరమ్మ భూతద్దంతో చాలాసేపు చూసింది. ఎరుపు లేదు, పొక్కు లేదు, నొక్కితే పాపకి నొప్పి లేదు. తెల్లబడి మెత్తబడిన పాత మచ్చ. కాలిన మచ్చ ఇలా కావాలంటే తక్కువలో తక్కువ ఏడాది దాటాలి అంది. రెడ్డెమ్మ ఆ ఇంట్లో చేరి ఏడాది కాలేదు.

కన్నతల్లిని, నాకు తెలియదా, మొన్నటిదాకా ఈ చెయ్యి శుభ్రంగా ఉంది అని మేడం అరిచింది. వెంటనే నా వైపు తిరిగింది. ఆ రోజు దీనికి కట్టు కట్టింది నువ్వే కదా, అప్పుడు ఇది ఉందా అని అడిగింది.

గదిలో అందరూ నా నోటివైపే చూశారు. లేదు అని చెబితే రెడ్డెమ్మ జైలుకి పోతుంది. ఉంది అని చెబితే అబద్ధం. నేను నోరు తెరిచేలోపే పెద్దావిడ అందుకుంది.

"నేనే పెట్టించాను. నువ్వు పరీక్షలకని వెళ్ళినప్పుడు, హాయిల్‌లో పాపకి జ్వరం తగ్గకపోతే కయ్ పెట్టించాను. నీకు చెబితే గొడవ చేస్తావని చెప్పలేదు."

ఇంకేముంది, అత్తాకోడళ్ళ యుద్ధం మొదలైంది. అంత కాల్చితే ఇన్నాళ్ళూ నాకెలా కనపడలేదని కోడలు. నీ కళ్ళు బడి పుస్తకాల మీద ఉంటే బిడ్డ చెయ్యి ఎలా కనిపిస్తుందని అత్త. చివరికి మేడం కూలబడి ఏడ్చింది. పోలీసుల మాట మళ్ళీ రాలేదు.

వెళ్ళేటప్పుడు పెద్దావిడ వెనక ఆగి నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు పాప చెయ్యి శుభ్రంగానే ఉంది కదూ అని మెల్లగా అడిగింది. తలూపాను. "నాకూ తెలుసు. రోజూ స్నానం చేయించేది నేనే కదా. కానీ ఆ పనిమనిషి కాల్చలేదు. కాల్చే చేతులు నేను చూశాను, అవి అలా ఉండవు" అంది.

ఆవిడ మాటనీ అనుమానించాను. నిజంగా తనే కాల్పించి, నా దగ్గర మాత్రం బొంకిందేమో. కానీ నేను తుడిచిన చేతి సంగతేమిటి? క్లినిక్‌లో ఉన్న రెడ్డెమ్మ పాత ఫొటో తీసి చూసుకున్నాను. ఆ వంకర అదే. కేసు నెత్తిన పడకుండా డాక్టరమ్మ పాత మచ్చ అని చెప్పిందేమో అనుకున్నాను. కానీ నేనూ నొక్కి చూశాను. ఎన్ని మచ్చలు చూడలేదు నేను!

రెడ్డెమ్మ పని నిలబడింది. ఆమెకి ఫిట్స్ తిరగబెట్టలేదు, కోసిన చోట మచ్చ కూడా ముదరలేదు. కొన్నాళ్ళకి మేడం కూతురి మచ్చ తీయించాలని వచ్చింది. పాప రెడ్డెమ్మ భుజం మీద నిద్రపోతోంది. డాక్టరమ్మ మళ్ళీ మొదటినుంచీ అన్నీ చెప్పింది, పాపది ఉబ్బు కూడా కాదు కాబట్టి సులువుగా తీసేయొచ్చంది. మేడం నన్ను అడిగింది, నువ్వేమంటావు సిస్టర్ అని.

అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఎవరినీ మచ్చ ఉంచుకోమని చెప్పినదాన్ని కాను. ఆ రోజు మాత్రం, "వద్దు మేడం, అలాగే ఉండనివ్వండి" అన్నాను. డాక్టరమ్మ నా వైపు వింతగా చూసింది. ఎందుకని అడిగితే చెప్పడానికి నా దగ్గర చదువుకున్న కారణం ఒక్కటీ లేదు. ఆ గీతలు పాప చేతికి ఎలా వచ్చాయో నాకు తెలియదు. ఇక్కడ తీసేస్తే ఈసారి ఎవరి చేతి మీద తేలతాయోనని భయమేసింది.