బోథ్ అడవిలో మా అండమాన్ కాపురం

మొన్న మా మనవరాలు పెళ్లైన నెలకే మొగుడితో అండమాన్ పోయి, నాలుగు రోజులు తిరిగొచ్చి, ఫోన్లో నీలం నీళ్ల బొమ్మలు చూపించింది. "ఎంత బాగుందో చూడు అమ్మమ్మా" అంది. బాగుంది, కాదనను. కానీ మా రోజుల్లో అండమాన్ అంటే నీలం నీళ్లు కాదు, సంకెళ్లు. హుజూరాబాద్‌లో ఎవరినైనా గట్టిగా తిట్టాలంటే "నిన్ను అండమాన్ పంపియ్య!" అనేవాళ్లు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్లైంది, ఆ తిట్టు మాత్రం చెక్కుచెదరలేదు. అలాంటి చోటికి మా ఆయన తనంతట తానే దరఖాస్తు పెట్టుకుని, ఆర్డరు తెప్పించుకుని, పెళ్లై ఏడాది తిరగని నన్ను వెంటబెట్టుకుని పోతానన్నాడు. ఎవరూ మెడపట్టి తోయలేదు, ఇష్టపడి! ఆ ముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన అప్పుడు ఆదిలాబాద్ అడవుల్లో టేకు డిపో గుమాస్తా. దుంగల లెక్క రాసుకుని, నెల కాగానే జీతం తీసుకుని, మధ్యాహ్నం ఒక కునుకు తీసే బంగారంలాంటి నౌకరి. కానీ ఆ మనిషికి కాలు ఒకచోట నిలవదు. కొండ కనిపిస్తే ఎక్కాలి, వాగు కనిపిస్తే దిగాలి. దీవిలో కూడా కలప డిపోలున్నాయని, గుమాస్తాలు కావాలని ఎవరో చెప్పారట, అంతే. ఈ సంగతి చెప్పడానికి హుజూరాబాద్‌లో మా పుట్టింటికి పోయినప్పుడు మా అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం) చేతిలో చెంబు కిందపడింది.

"ఏం జేసిండే అల్లుడు? ఎవల్నన్న కొట్టిండా?"

"నౌకరి మీద పోతుండే. జీతమిస్తరట" అన్నాడు బాపు, మగ్గం మీది నుంచి తల ఎత్తకుండా.

"జైల్ల గూడ పని జేస్తే పైసలిస్తరట గదా!" అంది అవ్వ. బాపు మగ్గం ఇంకా గట్టిగా ఆడించాడు. (నాకూ లోపల అదే అనుమానం.)

అవ్వ ఏడ్చి ఏడ్చి, చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఒడిబియ్యం పోస్తేనే పంపుతానంది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ, అన్నీ బిడ్డ కొంగులో పోసి ముడివేసి సాగనంపడం మా దిక్కు ఆచారం. ఆ బియ్యం తీసుకుపోయి తన ఇంట్లో వండి, నలుగురు ముత్తైదువలకు పెట్టాలి. అలా వండిపెట్టేదాకా మళ్లీ పుట్టింటి గడప తొక్కకూడదని మా అవ్వ పట్టు. సాగనంపడానికి వాడంతా దండలతో వచ్చింది. అందరికంటే గట్టిగా ఏడ్చింది మా మేనత్త. ఏ ముచ్చటైనా పొద్దుగూకేలోపు ఊరంతా చాటుతుందని ఆమెను డప్పత్త అనేవాళ్లం. ఆ ఏడుపులు, ఆ దండలు చూసి, మళ్లీ ఈ ఊరు చూస్తానో లేదోనని బస్సు కాజీపేట రోడ్డు ఎక్కేదాకా నేను వెక్కుతూనే ఉన్నాను.

ఇంత చేసి మద్రాసు పోయామా, ఓడ తప్పిపోయింది.

తప్పిపోయిందంటే, ఓడ తప్పేం లేదు. చెప్పిన రోజున, చెప్పిన గంటకు అది బయలుదేరింది. మా ఆయనే పొద్దున లేచి, దీపస్తంభం చూద్దాం, ఇసుకలో నడుద్దాం, గవ్వలు ఏరుదాం అని తిప్పాడు. "టైమైతుంది గదయ్యా" అని నేను మొత్తుకుంటే, "పిచ్చిదానా, కాజీపేటల రైలే పూటపూట లేటొస్తది. గంత పెద్ద ఓడ టైముకు కదులుతదా?" అన్నాడు. మేం రేవుకు చేరేసరికి నిచ్చెన తీసేశారు. ఓడకూ గట్టుకూ మధ్య నీళ్లు కనిపిస్తున్నాయి. మా ఆయన ట్రంకుపెట్టె నా కాళ్ల దగ్గర పడేసి, చెయ్యెత్తుకుని గట్టు పొడుగునా ఉరికాడు. "ఓ! ఆపుండ్రి! జర ఆపుండ్రి! ఇద్దరమున్నం!" మా దిక్కు బస్సు అలా ఆగుతుంది మరి, డ్రైవరు వెనక్కి కూడా తెస్తాడు. ఓడ మీదున్నవాళ్లు, ఎవరో బంధువు సాగనంపడానికి వచ్చాడనుకుని, ప్రేమగా చేతులూపారు.

మళ్లీ ఓడ నెల దాటాక గాని లేదన్నారు. ఆ పట్నంలో మాకు తెలిసిన గోడ కూడా లేదు. "ఇగ హుజూరాబాద్ పోదాం, గంతే" అన్నాడాయన. నాకు కోపం నషాళానికి అంటింది. "ఒడిబియ్యం ముడి విప్పలే, పొయ్యి మీద పెట్టలే. దండలేసి, ఏడ్చి సాగనంపినోళ్ల ముందుకు ఏ మొఖం పెట్టుకొని పోవాలె? ఓడ చెయ్యెత్తితే ఆగలేదని చెప్పాల్నా?" అన్నాను. అసలు సంగతి మీకు చెప్పాలి. నాకు ఇంటికి పోవాలనే ఉంది. సముద్రం చూశాక మరీ ఉంది. కానీ ఆ ముడి ఒకటి, పరువు ఒకటి, రెండూ అడ్డం.

చివరికి ఎవరికీ కనిపించకుండా, ఆయన పనిచేసిన బోథ్ అడవి దిక్కే పోయి, మళ్లీ ఓడ వచ్చేదాకా దాక్కుందామని తేల్చాం. కాజీపేటలో పాసింజరు బండి మారాం. ఆ బండి జమ్మికుంట మీదుగా పోతుందని, అది మా ఊరికి దగ్గరి స్టేషనని నాకు తెలుసు. నా ఖర్మ కాకపోతే, జమ్మికుంటలో ఎక్కింది ఎవరు? డప్పత్త. మా ఆయన సామాన్ల పలక మీదికి పాకి మొహం మీద తువ్వాలు కప్పుకున్నాడు. నేను కొంగు ముక్కుదాకా లాగాను. ఆ తల్లి సరిగ్గా నా పక్కనే కూలబడి, ఎదుటి ఆడవాళ్లతో మొదలుపెట్టింది.

"మా తమ్ముని బిడ్డ సముద్రం దాటిపోయిందమ్మా. అల్లుడు ఖూనీ జేసిండట. పిల్ల మంచిది, ఇడిసిపెట్టలేక ఎంట వోయింది."

పైనుంచి పలక కిర్రుమంది. నేను లేచి నిలబడి, కాలు సర్దుకుంటున్నట్టు నటించి, ఆయన పిక్క గట్టిగా గిల్లాను. పెద్దపల్లిలో ఆవిడ దిగేదాకా ఆయన ఖూనీకోరుగా, నేను ముసుగు వేసుకున్న ఎవరో ఆడమనిషిగా ప్రయాణం చేశాం.

మంచిర్యాలలో దిగి, బస్సులు మారి బోథ్ చేరాం. ఊరికి అవతల అడవి అంచున ఒక పాత డిపో కొట్టం ఖాళీగా ఉంది. ఆయన స్నేహితుడైన ఫారెస్టు గార్డు తాళం తీసిచ్చి, "ఎవలికి జెప్పను, ఫికర్ జేయకు" అన్నాడు. సరే, ఒక నెల మూల కూర్చుని కృష్ణా రామా అనుకుందామంటే మా ఆయన కూర్చోనిస్తాడా! ఇది కూడా దీవే అనుకోమన్నాడు. అక్కడికి పోయాక కొత్త కాకుండా ఇక్కడే అలవాటు పడాలట. వెదుళ్లు కొట్టి తెప్ప కట్టాడు. వాగు మడుగులో దాని మీద నన్ను కూర్చోబెట్టి, చేతికి గొడుగిచ్చి తోశాడు. నడిమధ్యకు పోగానే తీగలు ఊడి, వెదుళ్లు తలోదిక్కూ పోయాయి. నేను గొడుగుతో సహా నీళ్లలో దిగబడి అరుస్తుంటే, గట్టు మీద నిలబడి "నడుం లోతే గదనే!" అంటాడు. మరునాడు ఎండ్రకాయలు పట్టడం నేర్పుతానని పొక్కలో చెయ్యి పెట్టాడు. ఎండ్రకాయే ఆయన్ని పట్టింది. వేలికి పసుపు కట్టు కడుతుంటే, "సముద్రంల గింతకన్న పెద్దయి ఉంటయట" అన్నాడు, కళ్లు మెరుస్తూ! ఆ మనిషిని ఏమనాలి, మీరే చెప్పండి.

ఇక నా ఒడిబియ్యం గోస వేరు. పురుగు పట్టకుండా ఎండబోస్తే కొండముచ్చులు దిగాయి. నేను చీపురు పట్టుకుని వాటి వెంట, మా ఆయన "కొట్టకు, పాపం" అంటూ నా వెంట. పిరికెడు పోగా మిగిలింది దాచుకున్నాను. ఇంతలో మృగశిర కార్తె చొచ్చి వాన మొదలైంది. కొట్టం కప్పు సరిగ్గా బియ్యం మూట మీదే కారింది. తడిసిన బియ్యం ఇవాళ వండకపోతే రేపటికి పాచిపోతుంది. మా అవ్వ చేతుల మీదుగా వచ్చిన బియ్యం పారబోయడానికి నాకు మనసొప్పలేదు. ఏడ్చుకుంటూ మూడు రాళ్లు పెట్టి, పెద్ద గంజులో ఎక్కించాను. గార్డు భార్యను, పక్క గూడెం ఆడవాళ్లను పిలిచాను. వాళ్లు పసుపు అన్నం ఎన్నడూ తినలేదట, నవ్వుకుంటూ కడుపునిండా తిన్నారు. గార్డు భార్య మరాఠీ కలిపి మాట్లాడేది. "బాయీ, ఇగ ఇదే నీ ఇల్లు" అంది, చెయ్యి కడుక్కుంటూ.

ఆ మాటతో నాకు తట్టింది. ఒడిబియ్యం వండాను, ముత్తైదువలకు పెట్టాను. ఇక పుట్టింటి గడప తొక్కడానికి అడ్డమేముంది? పరువు పోతే పోనీ! ఆ సాయంత్రమే చెప్పేశాను. "నీ దీవికి, నీ ఎండ్రకాయలకు దండం. నేను రేపు అవ్వ దగ్గరికి పోత. నువ్వొక్కనివే పో." ఆయన "సరే, రేపు బోథ్‌ల వారం అంగడి. బస్సు గూడ ఆడనే దొరుకుతది" అన్నాడు. బతిమాలతాడనుకున్నాను. బతిమాలలేదని ఇంకా కోపమొచ్చింది.

మరునాడు మూట చంకన పెట్టుకుని అంగడిలో నడుస్తున్నాను. బస్సెక్కిస్తానని వెంట వచ్చినాయన ఎక్కడో వెనకబడ్డాడు. ఒకచోట తాడు మీద చీరలు వేలాడుతున్నాయి. ఎర్ర అంచు, నల్ల గళ్లు. ఆ నూలుకు పెళ్లికి ముందు కండెలు చుట్టింది నేనే! వంగి తొంగి చూశాను. చీరల వెనుక మా బాపు. చీరల మూటతో ఎప్పుడూ భైంసా అంగడికి పోయే మనిషి, ఆ వారం బోథ్ వచ్చాడు. ఒకామెకు చీర విప్పి చూపిస్తూ నన్ను చూశాడు. మాట ఆగిపోయింది.

"ఏమైంది సావుకార్?" అంది కొనే ఆమె.

"ఏం లేదు బాయీ" అన్నాడు బాపు, నా మీది నుంచి కళ్లు తీయకుండా. "గామె అచ్చం మా బిడ్డ లెక్కనే ఉన్నది. మా బిడ్డేమో సముద్రం అవతలున్నది."

నేను అక్కడే నిలబడి భోరుమన్నాను. బాపు ఆ చీర అమ్మి (బేరం వదలడు, ఎంతైనా), అప్పుడు వచ్చి నన్ను చీరల చాటుకు తీసుకుపోయాడు. అంతా చెప్పాను. ఓడ, డప్పత్త, తెప్ప, ఎండ్రకాయ, కొండముచ్చులు, తడిసిన బియ్యం. బాపు నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడ్డాడు. తర్వాత కళ్లు తుడుచుకుని మెల్లగా అన్నాడు.

"మీ అవ్వ నువ్వు పోయిన కాన్నుంచి అన్నం సరిగ తినలే బిడ్డా. ఇప్పుడిప్పుడే నిమ్మళమైంది. మా బిడ్డ సముద్రం దాటిందని వాడల అందరికి జెప్పుకుంటుంది. అయినా, నీకు రావాల్నని ఉంటే ఇప్పుడే నాతోని రా. బియ్యం వండినవ్ గద, అడ్డం లేదు. అవ్వకు నేను జెప్పుకుంట. అల్లుడు ఒక్కడే పోయి నౌకరి జేసుకుంటడు."

ఇన్నాళ్లుగా నేను వినాలనుకున్న మాట అదే. మూట చంకలోనే ఉంది. "పా బాపు" అనడానికి నోరు తెరిచి, ఆయనెక్కడున్నాడోనని చూశాను. అంగడి ఆ చివర చేపల వలల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక వల తల మీదినుంచి వేసుకుని, అందులోంచి వేలు ఎక్కడెక్కడ బయటికొస్తుందో చూసుకుంటున్నాడు. పెళ్లాం పోతోందన్న సోయి లేదు, బస్సు వేళ అయిందన్న సోయి లేదు. నాకు ఎక్కడలేని చిరాకు పుట్టుకొచ్చింది. ఆ చిరాకులోనే ఏడుపు కూడా వచ్చింది.

"నేను రాను బాపు" అన్నాను. "ఆయన్ని ఒక్కన్ని పంపితే మల్ల ఓడ తప్పుతడు."

బాపు ఆ వల దిక్కు చూశాడు. నా దిక్కు చూశాడు.

"తప్పుతడు" అన్నాడు.

తాడు మీదినుంచి ఒక ఎర్రంచు చీర తీసి నా భుజాన వేసి, తల నిమిరి, మళ్లీ బేరంలో పడ్డాడు. ఈసారి ఓడ కదిలే ముందురోజే నేను ఆయన్ని రేవుకు ఈడ్చుకుపోయి, ట్రంకుపెట్టె మీద కూర్చోబెట్టి, చాయ తాగడానికి కూడా లేవనివ్వలేదు. దీవిలో కొన్నేళ్లున్నాం. అక్కడ ఎండ్రకాయలు నిజంగానే పెద్దవి.

తిరిగొచ్చాక అవ్వ వాడలో వాళ్లందరినీ కూర్చోబెట్టి, ఓడ దిగిన మొదటి దినం ఎట్లుండెనో చెప్పమనేది. నేను వాన గురించి, కొట్టం గురించి, పసుపు అన్నం తిని నవ్విన ఆడవాళ్ల గురించి చెప్పేదాన్ని. మూల మగ్గం మీద బాపుకు దగ్గొచ్చేది. అవ్వకు ఆఖరిదాకా తెలియదు. అవ్వ పోయింది, బాపు పోయాడు. ఇప్పుడు మనవరాలి ఫోన్లో ఆ నీలం నీళ్లు చూస్తుంటే, నాకు మాత్రం మూట చంకన పెట్టుకుని అంగడిలో ముక్కు ఎగబీలుస్తూ నిలబడ్డ ఆ పిల్లే కనిపించింది. ఎంత కోపం దానికి! పోతానని ఎంత గట్టిగా అనుకుంది! ఈ ముచ్చట చెప్పుకుని నవ్వడానికి ఇప్పుడు నాకు మిగిలింది ఆ ఓడ తప్పించినాయన ఒక్కడే. ఆయనేమో ఇప్పటికీ తప్పు ఓడదే అంటాడు.