ఉప్మారవ్వ తూటాలు

మా ఆయన జనార్ధనరావు తుపాకీ కాలుస్తారంటే మేముండే రెజైనా ఊళ్ళో ఎవరూ ఓ పట్టాన నమ్మరు. ఎదురుగా చీమ వచ్చినా పక్కకు తప్పుకునే మనిషి. హైవేస్ డిపార్ట్‌మెంట్‌లో రోడ్ల మ్యాపులు గీసి గీసి రిటైరయ్యారు. ఏనాడూ గొంతు పెంచింది లేదు, నా మీద తప్ప. అలాంటి మనిషికి ఒక తుపాకీ ఉంది. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరో రైతు పోతే ఆయన సామానంతా వేలం వేస్తుంటే, మంచం కొనుక్కురమ్మని పంపితే ఇది కొనుక్కొచ్చారు. మంచం లేక ఆ చలికాలమంతా నేల మీద పడుకున్నాం. ఆ సంగతి నేను మరిచిపోలేదు, ఆయన్నీ మరవనివ్వలేదు.

నూటయాభై ఏళ్ళ నాటి సోల్జర్ల తుపాకీ అది. స్నైడర్ అంటారు. ఒకసారికి ఒక్కటే తూటా. వెనక చిన్న మూత ఉంటుంది. దాన్ని పక్కకు తెరిచి, తూటా లోపల పెట్టి, మూసి, కాల్చాలి. మళ్ళీ తెరిచి, ఖాళీ గొట్టం లాగి పారేసి ఇంకోటి పెట్టాలి. ఈలోపు శత్రువు టీ తాగి వెళ్ళిపోతాడు కదండీ అంటే ఆయనకు ఎక్కడలేని కోపం.

ఆ తూటాలు మామూలు షాపుల్లో దొరకవు. ఇంట్లోనే నింపుకోవాలి. అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ బిగించిన వేలి లావు ఇత్తడి గొట్టాలు చెక్కపలకలో వరసగా నిలబెడతారు. ఒక్కోదాంట్లో చిన్న రాగి కొలతతో తుపాకీ మందు పోస్తారు. ఆ మందు మీద గొట్టం నిండేదాకా నా వంటింట్లోంచి ఎత్తుకెళ్ళిన ఉప్మారవ్వ పోస్తారు, లోపల ఖాళీ ఉండకూడదట. పైన సీసపు గుండు పెట్టి మరలో బిగిస్తారు. ఇంట్లో రవ్వ డబ్బా ఎప్పుడు చూసినా అడుగంటే ఉండేది. ఉప్మా తినేది మేమిద్దరం, సగం వాటా తుపాకీది.

ఆ రాగి కొలతను ఆయన 'సోల' అనేవారు. మా మామగారు వీరభద్రంగారు తణుకు దగ్గర రైసుమిల్లులో ధాన్యం కొలిచేవారు. ధాన్యం కొలిచేవాళ్ళు 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. ఏడు అనడం కూడా మంచిది కాదని 'ఆరున్నొకటి' అంటారు. ఈయన పాటా అదే. లాభం... రెండు... మూడు... అని పైకి పాడుకుంటూనే పోస్తారు. మందుకు ఒక వరస, రవ్వకు ఒక వరస. కొలిచేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే కొలిచిందంతా రాశిలో కలిపేసి మళ్ళీ లాభం నుంచి మొదలుపెట్టాలని మామగారి శాసనం. బేస్‌మెంట్‌లో ఆయన గొణుక్కున్నా వేడిగాలి వచ్చే గొట్టంలోంచి నా వంటింట్లోకి వినిపించేది. ఏళ్ళ తరబడి నా శనివారం వంట ఆ పాట వింటూనే అయ్యేది.

కోవిడ్ తగ్గాక ఊరంతా మన పిల్లలతో నిండిపోయింది. ఏ కాఫీ షాపుకెళ్ళినా కౌంటర్ వెనకాల నుంచి "నమస్తే ఆంటీ" అని వినిపించేది. మా బేస్‌మెంట్ గదిలో నిఖిల దిగింది. సిద్దిపేట పిల్ల, యూనివర్సిటీలో మాస్టర్స్, సాయంత్రాలు గ్రోసరీ స్టోర్‌లో పని. ఊళ్ళో కాలేజీలో ఎన్‌సీసీ చేసి తుపాకీ పట్టిందట. స్నైడర్ చూడగానే దాని కళ్ళు మెరిశాయి, ఈయన ముఖం వెలిగింది. మా అమ్మాయి స్పందన చిన్నప్పటి నుంచీ ఆ తుపాకీని కన్నెత్తి చూడలేదు మరి. ఈ పిల్లకు ఓపిగ్గా అన్నీ నేర్పారు. ముఖ్యంగా ఒకటి. చప్పుడు తేడాగా వచ్చినా, పొగ రాకపోయినా ఇంకో తూటా ముట్టుకోకూడదు. మందు లేకపోయినా ఆ టోపీ తోపుకే గుండు బారెల్లోకి వెళ్ళి ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనకాల రెండోది పేలిస్తే తుపాకీయే పేలుతుంది. భోజనాల దగ్గర ఇదే పాఠం. పప్పులో నెయ్యి వేసుకుంటూ ఇలాంటి మాటలు వినాల్సిన ఖర్మ నాది.

ఆ వేసవిలోనే నా గుండెల్లో రాయి పడింది. పాలకని వెళ్ళిన మనిషి ఆల్బర్ట్ స్ట్రీట్‌లోంచి నాకు ఫోన్ చేసి, "సూర్యం, మనింటికి ఎటు తిరగాలి?" అన్నారు. తర్వాత తమాషాకి అడిగానన్నారు. స్టవ్ మీద పెట్టిన గిన్నె మరిచిపోవడం, చెప్పిందే చెప్పడం సరే, ఆ వయసులో ఎవరికైనా ఉంటాయి. కానీ ఇల్లు మరిచిపోతారా ఎవరైనా? సర్రీలో ఉన్న స్పందనకు చెబితే, "మామ్, హీజ్ జస్ట్ గెటింగ్ ఓల్డ్" అని ఊరుకుంది. డాక్టర్ మాటెత్తితే ఈయన ఇల్లు పీకి పందిరేశారు. నేను మాత్రం ఆయన చేతుల వైపు చూస్తూనే ఉండేదాన్ని. ఉప్పు రెండుసార్లు వేస్తే కూర పారబోసుకోవచ్చు. మందు సంగతి అలా కాదు కదా!

అక్టోబర్‌లో ఆయన వెళ్ళే షూటింగ్ క్లబ్బు వాళ్ళ పాత తుపాకుల పోటీ. నిఖిల స్నైడర్‌తో కాల్చాలని నిర్ణయం. ముందురోజు శనివారం మధ్యాహ్నం ఆయన కిందికి దిగారు. నేను పైన వంకాయలు తరుగుతున్నాను.

లాభం... రెండు... మూడు... నాలుగు... ఐదు... ఫోన్ మోగింది. కొత్తగా వచ్చిన కుర్రాడెవరో డ్రైవింగ్ లైసెన్స్ గురించి అడుగుతున్నాడు. మన పిల్లల ఫోనొస్తే ఈయన ఎత్తకుండా ఉండలేరు. చాలాసేపు మాట్లాడారు. పెట్టేశాక మళ్ళీ మొదలైంది. లాభం... రెండు... చివరిదాకా వెళ్ళింది. హమ్మయ్య, రాశిలో కలిపేసి మళ్ళీ కొలుస్తున్నారు, ఇక రవ్వ వరస వస్తుందనుకుంటూ చెవి ఒగ్గాను.

రవ్వ వరస రాలేదు. గుండు బిగించే మర కిర్రుమంది.

నా చేతిలో వంకాయ కత్తిపీట మీదే ఆగిపోయింది. మందు కొన్నిటికే పడింది. ఫోన్ తర్వాత వినిపించింది రవ్వ వరస. అంటే వెనకాల ఉన్న గొట్టాల్లో అడుగు నుంచి మూతిదాకా రవ్వే. పైకి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఊపినా తెలియదు. పరుగున కిందికి దిగాను.

"ఏమండీ, మందు అన్నిట్లో పోశారా?"

"పొయ్యకుండా గుండు ఎలా బిగిస్తాను? ఫోనొచ్చిందిగా, రాశిలో కలిపేసి మళ్ళీ కొలిచాను."

"మరి రవ్వ వరస నాకు వినపడలేదే! ఒక్కటి విప్పి చూపించండి."

ఆయన ముఖం ఎర్రబడింది. "నాకు మతి పోయిందంటావా?"

అంటూనే కొత్త తూటాలు, పాత తూటాలు ఒకే పెట్టెలో సర్దేసి తాళం వేసుకున్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు! ఆ మాట పైకే అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

పొద్దున్నే నిఖిలను వంటింట్లోకి లాగి, "ఈ రోజు వద్దమ్మా. అంకుల్ మరిచిపోతున్నారు. ఆ తూటాల్లో మందు లేనివి ఉన్నాయి" అన్నాను.

అది నవ్వింది. "ఏం గాదు ఆంటీ. మా నాయిన రోజూ బండి తాళం మరిచిపోతడు. అంకుల్ మస్తు జాగ్రత్త మనిషి. తేడా వస్తే ఆయనే చెప్తడు కదా, నాకు నేర్పిందే ఆయన."

అవును, నేర్పింది ఆయనే. నేర్పిన మనిషికి నేర్పింది గుర్తుందా అన్నదే నా భయం. ఎన్నడూ ఆ తుపాకులు కాల్చే రేంజ్ ముఖం చూడనిదాన్ని, కోటు తగిలించుకుని కారెక్కాను. "నీకెందుకే ఆ చలిలో?" అన్నారు ఆయన. సీటు బెల్టు పెట్టుకున్నాను.

రేంజ్ ఊరి బయట. చుట్టూ కోసేసిన పొలాలు, కనుచూపు మేర చెట్టన్నది లేదు. గాలి చెంపలు కోస్తోంది. వరసగా బల్లలు, వాటి ముందు నేల మీద పసుపు గీత. కాల్పులు జరుగుతున్నప్పుడు ఆ గీత దాటకూడదని రేంజ్ ఆఫీసర్ డగ్ అందరికీ చెప్పాడు. అందరికీ చెవులకు డిప్పలు. అరిచినా పక్కవాడికి వినపడదు.

నిఖిల మొదటి తూటా కాల్చింది. భూమి అదిరింది. తెల్లటి పొగ దాన్నీ, ఆయన్నీ కప్పేసింది. రెండోదీ అంతే. మా ఆయన దాని భుజం తట్టారు. ఒక్కో తూటాకి నా ప్రాణం పోయి పోయి వస్తోంది. ఏడుకొండలవాడా, నాదే పొరపాటవనీ, నాకే చెవుడొచ్చిందని తేలనీ అని దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఆ తర్వాతి తూటాకి పొగ రాలేదు.

నిఖిల భుజం కదల్లేదు. మూత తెరిచి గొట్టం లాగితే మాడిన రవ్వ బల్ల మీద రాలింది. అది ఆయన వైపు తిరిగి, వేలితో బారెల్ చూపించి ఏదో అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. పెట్టెలోంచి ఇంకో తూటా తీసి దాని చేతికిచ్చారు. కానీవ్వు కానీవ్వు అన్నట్టు చెయ్యి ఆడించారు. అది ఒక్క క్షణం తటపటాయించింది. పెద్దాయన, గురువు, అంకుల్! ఎదురు చెప్పే పెంపకం కాదు మన పిల్లలది. తూటా లోపల పెట్టి మూత మూసింది.

"నిఖిలా! వద్దే!" అని గొంతు చించుకున్నాను. పక్క బల్లల దగ్గర తుపాకులు మోగుతూనే ఉన్నాయి. దాని చెంప తుపాకీకి ఆనింది. ఇక నాకు తోచిందల్లా ఒక్కటే. బల్లల సందులోంచి దూరి పసుపు గీత దాటి ముందుకు పరిగెత్తాను.

"సీజ్ ఫైర్! సీజ్ ఫైర్!"

డగ్ కేక, హారన్ మోత, తిట్లు, అన్నీ ఒక్కసారే. తుపాకులన్నీ కిందికి దిగాయి. మట్టిలో కూలబడిపోయాను. డగ్ వచ్చి, ఈ పిచ్చిదెవరన్నట్టు చూశాడు. నాకు ఇంగ్లీషు ముక్క నోటికి రాలేదు. తుపాకీ వైపు చూపించి, "నో స్మోక్. నో స్మోక్" అన్నాను.

అతని ముఖం మారిపోయింది. తూటా బయటికి తీసి, పొడవాటి ఇత్తడి కడ్డీ ఒకటి బారెల్ మూతిలోంచి తోశాడు. వెనక్కి రావలసింది మధ్యలోనే ఆగిపోయింది. గుండు లోపలే ఉంది. "ఇంకొకటి కాల్చుంటే ఈ మూత ఈ అమ్మాయి ముఖంలోకి వచ్చేది" అన్నాడు ఇంగ్లీషులో, నెమ్మదిగా. నిఖిల రెండు చేతులతో ముఖం తడుముకుంటూ కూర్చుండిపోయింది.

"ఈ తూటాలు నింపింది ఎవరు?" అని అడిగాడు డగ్.

మా ఆయన పెట్టెలోంచి ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. "సూర్యం, ఇవి ఎవరు నింపారు?"

నటన కాదు. అబద్ధమాడటం ఆయనకు పుట్టుకతో రాదు. తెలియక అడుగుతున్నారు. నిన్న మధ్యాహ్నం ఆయన మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. అప్పటిదాకా తూటా గురించి పడ్డ భయం దీని ముందు ఏపాటిది! నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చుట్టూ అందరూ చూస్తున్నారు. ఆయన నా జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

"నేనేనండీ" అన్నాను.

"నువ్వా! నీకేం తెలుసని ముట్టుకున్నావ్? పరాయి పిల్ల ప్రాణం మీదికి తెచ్చావు కదే!"

"ఆంటీ, మీరు గాదు గదా..." అని నిఖిల లేవబోయింది. దాని చెయ్యి గట్టిగా నొక్కాను.

"బుద్ధి తక్కువై ముట్టుకున్నానండీ. ఇక ఆ మందు, తుపాకీ మనింట్లో వద్దు. ఉంటే మళ్ళీ చెయ్యి పెడతాను. నా సంగతి మీకు తెలుసుగా."

ఆయన పెట్టె మూసేశారు. "అంతే. నీ చేతికి అందేట్టు ఉంచకూడదు" అని, తుపాకీ, తూటాల పెట్టె డగ్‌కి అప్పగించేశారు. కారు తాళాలు నేను తీసుకున్నాను. కోపంలో ఉన్నారేమో, అదీ పట్టించుకోలేదు.

దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నారు. వెనక సీట్లో నిఖిల వెక్కుతోంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆయన ఒకటంటే నేను రెండన్నదాన్ని. ఆ రోజు మాత్రం అన్నిటికీ తలూపాను. మా వీధి దగ్గరపడుతుంటే ఆయన గొంతు మెత్తబడింది. నా భుజం మీద చెయ్యేశారు.

"ఇంత మతిమరుపైతే ఎలా సూర్యం? రేపు డాక్టర్‌కి చూపించుకుందాం. నేనున్నాగా, భయపడకు."

"అలాగేనండీ, ఇద్దరం వెళ్దాం" అన్నాను.