నిలబడ్డవాళ్ళ లెక్క

ఆ బస్టాపులో బల్లను వెల్డింగు మేస్త్రి టేపుతో కొలిచి చెయ్యలేదు. తన అక్కను వర్క్‌షాపుకు పిలిపించి, బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చోబెట్టి, లేవమన్నాడు. లేవలేకపోయింది. డబ్బా కింద ఒక ఇనపపలక పెట్టి మళ్ళీ కూర్చోమన్నాడు. ఇంకో పలక పెట్టాడు. అలా పేర్చుకుంటూ పోయి, ఏ ఎత్తున ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచిందో అక్కడ గోడమీద సుద్దతో గీత గీశాడు. బల్ల ఆ గీతకు వచ్చింది.

"కూర్చోబెట్టడం, లేపడం. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత తిప్పలు పెట్టరు కదరా" అంది అక్క, కాలికున్న కాలిపర్ సర్దుకుంటూ.

ఊళ్ళో బస్టాపుల షెల్టర్లు చేసే పని వర్క్‌షాపు యజమానికి దక్కిన రోజులవి. వచ్చిన డ్రాయింగులో బల్ల అంటే నాలుగు కాళ్ళ మీద ఒక రేకు, అంతే. ఆ ఒక్క స్టాపుకు మాత్రం మేస్త్రి బల్ల చివర ఒక పైపును వంచి అతికాడు, లేచేటప్పుడు పట్టుకోవడానికి. అతుకు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడా తగలకుండా అరగదీశాడు. డ్రాయింగులో లేని పైపు ఎక్కడిదిరా అని యజమాని అడిగితే, కోతల్లో మిగిలిన ముక్కండీ అన్నాడు. మనిషి మాటల్లో అంతకంటే పొడుగు పోడు. అతని గొప్పలూ గోడూ అన్నీ అతుకుల్లోనే ఉంటాయని అతని భార్య అంటుంది.

అక్కకు చిన్నప్పుడే ఎడమకాలు చచ్చుబడిపోయింది. తుంటి దాకా ఇనపపట్టీల కాలిపర్, చేతిలో కర్ర. బజారులో ఒక టైలరు దగ్గర కాజాలు కుట్టే పని. చేత్తో కుట్టిన కాజాలే కావాలనేవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ కోట్లు, చొక్కాలు వెతుక్కుంటూ ఆ కొట్టుకే వస్తాయి. కిటికీ పక్క కుర్చీ ఆమెది. వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి, దారం మీద తన నీడ పడకూడదు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే టైలరే లేపేసేవాడు. బజారులో ఆమెను అందరూ కాజాలక్క అనే పిలుస్తారు.

తమ్ముడి ఇంట్లో ఉంటున్నా, తమ్ముడి మీద పడి ఉంటున్నానని ఆమె ఒక్కనాడూ అనుకోలేదు. అనుకోనివ్వనిది ఆ కుర్చీ. ఆ కుర్చీ దగ్గరికి చేర్చేది వీధి మలుపులో ఉన్న ఆ స్టాపు. ఇంటి గడప దాటి, నాలుగు గుమ్మాలు నడిచి, పైపు పట్టుకుని కూర్చుంటే, బస్సు వచ్చి ముందర ఆగేది. డ్రైవరుకు ఆమె అలవాటు. తలుపు సరిగ్గా పైపుకు ఎదురుగా వచ్చేలా ఆపి, ఆమె ఎక్కేదాకా స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ కూర్చునేవాడు.

ఆ తాళం వేసే కాసేపట్లో వెనక ఎంత గోల జరిగేదో మేస్త్రికీ తెలుసు. అది ఇరుకు రోడ్డు. స్టాపులన్నీ దగ్గర దగ్గర. ఒక బస్సు ఇక్కడ ఆగితే, ముందున్న బస్సు కనుచూపు మేరలో ఇంకో స్టాపులో ఆగి ఉండేది. వెనక ఆటోలు, లారీలు, స్కూలు వ్యాన్లు తోకలా పేరుకునేవి. మోపెడ్ మీద ఇనపకడ్డీలు కట్టుకుని ఆ తోకలో ఇరుక్కున్నప్పుడు, గడపకో స్టాపు పెట్టి చంపుతున్నారని అతనూ తిట్టుకున్నాడు. ఆ తిట్టు తన అక్క స్టాపుకు కూడా తగులుతుందని అప్పుడు తోచలేదు.

ఆ రోజుల్లోనే లెక్కలాయన వచ్చాడు. నడివయసు మనిషి. గుప్పిట్లో ఇమిడే మిషను ఒకటి ఉంది, నొక్కితే టిక్కుమని ఒక అంకె పెరుగుతుంది. ఏ స్టాపులో ఎంతమంది ఉంటున్నారో చూసి రమ్మన్నారట. షెల్టరు బయట ఎండలో నిలబడి టిక్కు టిక్కుమనిపిస్తున్నాడు. అక్క చూసి ఊరుకోలేకపోయింది. పక్కకు జరిగి, ఆయన్ని పిలిచి కూర్చోబెట్టింది. తన సీసాలో నీళ్ళిచ్చింది. వచ్చినవాళ్ళందరితోనూ, నిలబడతారెందుకు, మా తమ్ముడు చేసిన బల్లండీ, కూర్చోండి, అంది. మోకాళ్ళ నొప్పుల ముసలాయన కూర్చున్నాడు. నెలలు నిండిన పిల్ల కూర్చుంది. చూపు ఆనని పాటల మాస్టారు కర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మోపెడ్ మీద అటుగా వెళ్తున్న మేస్త్రి ఇదంతా చూశాడు. బల్ల నిండుగా ఉంది. పనివాడికి అంతకంటే ఏం కావాలి?

సాయంత్రం ఇంట్లో లెక్కలాయన ముచ్చట్లే. ఆయనకు పెళ్ళయిందో లేదో కనుక్కున్నావా వదినా అని మేస్త్రి భార్య ఆట పట్టించింది.

"అయ్యే ఉంటుందమ్మా. చెప్పిన పని ఎందుకూ ఏమిటీ అని అడక్కుండా చేస్తున్నాడు" అంది అక్క.

మేస్త్రి కూడా నవ్వాడు.

కొన్నాళ్ళకు వర్క్‌షాపుకు కొత్త పని వచ్చింది. ట్రాఫిక్ తగ్గించడానికి, అవసరం లేని స్టాపులు తీసేస్తున్నారు. పెట్టినవాళ్ళే తీస్తే సుళువని పని వీళ్ళకే ఇచ్చారు. ఏయే స్టాపులు తియ్యాలో యజమాని చదువుతుంటే మేస్త్రి గ్రైండరు ఆపాడు. మలుపు స్టాపు అనగానే, ఇంకోసారి చదవమన్నాడు. మళ్ళీ అదే వినపడింది.

ఆ పూటే ఆఫీసుకు వెళ్ళాడు. ఇంజనీరు చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. అంబులెన్సులు ఆ రోడ్డులో ఎలా ఇరుక్కుంటున్నాయో చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఎక్కేవాళ్ళున్న స్టాపులు ఉంచుతున్నామనీ, మలుపు స్టాపులో మనుషులే ఉండటం లేదనీ అన్నాడు.

మా అక్క రోజూ అక్కడే ఎక్కుతుందండీ అన్నాడు మేస్త్రి. ఇంకా చాలా చెప్పాలనుకుని వచ్చాడు గానీ, ఎదురుగా నున్నటి బల్లా, దాని మీద అద్దం, అద్దంలో తన మసిచేతులూ కనపడేసరికి చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. ఇంజనీరు లెక్కలాయన్ని పిలిపించాడు. ఆయన మేస్త్రిని గుర్తుపట్టి, కాజాలక్క బాగున్నారా అని అడిగాడు.

"బాగుంది. ఆవిడ అక్కడ ఎక్కుతుందని చెప్పండి సార్‌కి" అన్నాడు మేస్త్రి.

"ఎక్కుతారు. నేను చూశాను కదా."

"మరి లెక్కలో?"

లెక్కలాయన ఇంజనీరు వైపు చూసి, "స్టాపులో నిలబడ్డవాళ్ళ లెక్క తెమ్మన్నారు సార్. కూర్చున్నవాళ్ళు బస్సు కోసమే వచ్చారో, నీడకోసం చేరారో ఎలా తెలుస్తుంది? అందుకని నిలబడ్డవాళ్ళకే నొక్కాను. అన్ని స్టాపుల్లోనూ అంతే" అన్నాడు.

ఇంజనీరు టీ గ్లాసు పక్కకు జరిపి, పై ఆఫీసుకు వెళ్ళిపోయిన లెక్కను వెనక్కి తేలేమనీ, మళ్ళీ ఎప్పుడైనా లెక్క పెడితే ఆ స్టాపు గుర్తుంచుకుంటామనీ అన్నాడు. ఎప్పుడు పెడతారని అడిగితే, అది మా చేతిలో లేదు అన్నాడు. లెక్కలాయన గుమ్మం దాకా వచ్చి, అక్కగారిని అడిగానని చెప్పమన్నాడు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. అతని భార్య లెక్కలాయన్నీ ఆయన మిషన్నీ కలిపి తిట్టింది. అక్క తిట్టలేదు. సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం ఎక్కాక ముడి వేసింది.

"బయట నిలబడ్డవాళ్ళందర్నీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది నేనేరా" అంది.

బల్ల చేసింది నేను అని మేస్త్రి అనుకున్నాడు.

ఆ పని మీద తనను పంపొద్దని యజమానిని అడుగుదామనుకున్నాడు. మరి ఎవరు వెళ్తారు? గ్యాసు కట్టరు పట్టుకుని ఎవడో ఒకడు వెళ్ళి, కాళ్ళు అడ్డదిడ్డంగా కోసి, మొండి ముక్కలు నేలలో వదిలేసి చేతులు దులుపుకుంటాడు. రేపు అక్క ఆ దారినే నడవాలి. కర్ర ఆ ముక్కకు తగిలితే? అందుకని తనే వెళ్ళాడు. బోల్టులు ఊడదీశాడు. రేకులు వంకరపోకుండా దించాడు. బల్ల కాళ్ళను నేలకు ఆనించి కోసి, మిగిలిన మొనల్ని గ్రైండరుతో అరగదీసి, గుంటల్లో సిమెంటు పోసి, చదును చేశాడు. అరచేత్తో తడిమి చూసుకున్నాడు. ఎక్కడా తగల్లేదు. అక్కడ ఒక స్టాపు ఉండేదని తెలియనివాడు చూస్తే నమ్మడు. పైపు ముక్కను మాత్రం ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాడు.

అంత చదునుగా చెయ్యడమే కొంప ముంచింది. సిమెంటు ఆరిందో లేదో ఒక వ్యాను వచ్చి అక్కడ ఆగింది. దాని వెనక ఇంకొకటి. వారం తిరగకుండా ఆ చోటు బళ్ళు నిలుపుకునే చోటయిపోయింది. మొండి ముక్కలు ఉండి ఉంటే టైర్లు పోతాయని ఒక్కడూ పెట్టేవాడు కాదు. మేస్త్రి పని మీద పంక్చరు భయం లేకుండా హాయిగా పెట్టుకున్నారు. రోడ్డు ఇంకా ఇరుకైంది. ఇదివరకు బస్సు ఆగితే వెనక బళ్ళు ఆగేవి. ఇప్పుడు బళ్ళ వల్ల బస్సు ఆగుతోంది. రోజూ సరిగ్గా ఆ మలుపులోనే ఇరుక్కుని, ఇదివరకు ఆగినదానికంటే ఎక్కువసేపే నిలబడుతోంది. కాకపోతే తలుపు తియ్యరు. అది స్టాపు కాదు కదా. స్టాపు కానిచోట తీస్తే డ్రైవరు ఉద్యోగానికే ఎసరు.

దగ్గరలో మిగిలిన స్టాపు వంతెన అవతల. అక్క నడిచింది. వంతెన ఎక్కేటప్పుడు కాలిపర్ వెనక్కి లాగుతుంది, దిగేటప్పుడు ముందుకు తోస్తుంది. కొట్టుకు చేరేసరికి కర్ర పట్టుకున్న చెయ్యి వణికేది. సూది పట్టుకోవలసినదీ ఆ చెయ్యే. చెయ్యి వణికితే కాజా నోరు సొట్టపోతుంది. అవి విప్పి మళ్ళీ కుట్టేది. మూడో కోటుకు గుడ్డ చిల్లిపడింది. టైలరు ఏమీ అనలేదు, అనకపోవడమే ఆమెకు తలకొట్టేసినట్టయింది.

మేస్త్రి మోపెడ్ మీద దింపాడు కొన్నాళ్ళు. కాలిపర్ వంగదు, కాలు పక్కకు చాపుకోవాలి. ఆ రద్దీలో అది ఒక కారుకు గీసుకుంది. కారాయన దిగి, ఆ కాలేమిటి అలా పెట్టావని నలుగురిలో అరిచాడు. అక్క మోపెడ్ దిగి అక్కడినుంచే ఇంటికి నడిచింది. పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు.

టైలరు మంచివాడు కాబట్టి పని ఇంటికి పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా, మూటగట్టి. మొదట్లో పెద్ద మూట, తర్వాత చిన్నది. కిటికీ పక్క కుర్చీలో ఒక కొత్త పిల్ల కూర్చుంటోందని, కాజాలు మిషను మీద వేస్తోందని మూట తెచ్చినవాడు చెప్పాడు. మర్నాడు మూట రాలేదు.

ఆ మర్నాడు పొద్దున అక్క తయారై, కర్ర తీసుకుని బయల్దేరింది. ఎక్కడికి వదినా అంటే, స్టాపుకు అంది. మేస్త్రి భార్య వంతెన స్టాపు అనుకుంది. కాసేపటికి వీధిలోకి చూస్తే, మలుపులో, రెండు వ్యాన్ల సందులో, అక్క నిలబడి ఉంది.

అప్పటినుంచీ రోజూ అంతే. ఇదివరకు కొట్టుకు వెళ్ళే వేళకు వెళ్ళి అక్కడ నిలబడుతుంది. ఆనుకోవడానికి ఏమీ లేదు. వ్యానుకు ఆనుకుంటే, రంగు పోతుంది దూరంగా జరగమ్మా అంటాడు వ్యానాయన. జరిగి, కర్ర మీద బరువు వేసి నిలబడుతుంది. బస్సు వస్తుంది, ఆమె ముందర ఇరుక్కుంటుంది. డ్రైవరు ఆ పాత డ్రైవరే. మొదటిరోజు ఆమెను చూసి చెయ్యి ఎత్తబోయాడు. ఇప్పుడు ముందున్న లారీ నంబరు వైపే చూస్తూ కూర్చుంటాడు. వేళ్ళతో తాళం వెయ్యడం లేదు.

మేస్త్రి వారం రోజులు చూసి, చూడలేక, మంచం కింది పైపుతో ఒక స్టూలు చేశాడు. ఎత్తు కోసం ఈసారి ఎవరినీ పిలవనక్కర్లేదు, గోడమీద సుద్దగీత ఇంకా ఉంది. మడిస్తే చంకలో పట్టేటట్టు, లేచేటప్పుడు పట్టుకోవడానికి పైపు వంపు పక్కకు వచ్చేటట్టు చేశాడు. తీసుకెళ్ళి అక్క వెనక వేశాడు.

ఆమె చూసింది. వంగి, పైపు అతుకు మీద వేలు పెట్టి రాసింది. బాగా కుదిరిందిరా అంది.

"కూర్చో అక్కా."

"తీసెయ్ రా."

"బస్సు ఎటూ తలుపు తియ్యదు. ఎంతసేపని నిలబడతావ్?"

"మళ్ళీ లెక్కకు వస్తామన్నారుగా. వచ్చినప్పుడు నేను కూర్చుని ఉంటే ఎట్లా?"

మేస్త్రి స్టూలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. వర్క్‌షాపుకు వేళవుతోంది. అయినా కదల్లేదు, అక్క పక్కనే నిలబడ్డాడు. ముందర బస్సు ఇరుక్కుని ఉంది. అద్దం వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు ఇద్దరినీ కాసేపు చూసి, మొహాలు తిప్పుకున్నారు.