సంగప్ప దుకాణంలో పయనం జిలేబి

మా ఆఫీసులో ఎవరికి ప్రమోషన్ వచ్చినా, ఎవరింట్లో పిల్ల పరీక్ష పాసైనా, నిగనిగలాడే అట్టపెట్టె ఒకటి బల్ల మీదికి వస్తుంది. మూత తీయగానే నెయ్యి, యాలకులు, పాకం కలిసిన వాసన గదంతా కమ్ముకుంటుంది. అందరి చేతులూ లేస్తాయి, నా చెయ్యి లేవదు. "షుగరా మేడం?" అని జాలిగా అడుగుతారు. షుగరూ లేదు, పాడూ లేదు. నాకు మిఠాయి అంటే కోపం, అందులోనూ జిలేబి అంటే మరీను. తినే వస్తువు మీద కోపమేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. వాళ్ళింటికి మిఠాయి పండుగకు వచ్చి ఉంటుంది. మా ఇంట్లో మాత్రం దాన్ని పయనం రోజున కొనేవాళ్ళు.

మాది మల్దకల్ పక్కన ఒక చిన్న ఊరు, మాకు పట్నమంటే గద్వాలే. ఆ రోజుల్లో అక్కడ పాత బస్టాండు వెనక సందులో వరుసగా మూడు మిఠాయి దుకాణాలుండేవి. మొదటిది బూంది లడ్డూలకు, రెండోది వేలు తాకితే పొరలు విడిపోయే బాలూషాయికి, చివరిది, సంగప్ప సేటుది, జిలేబికి పేరుబడ్డాయి. సంగప్ప రాయచూరు వైపు నుంచి వచ్చినవాడు, తెలుగులో కన్నడం, కన్నడంలో ఉర్దూ కలిపి కొట్టేవాడు. బనియను మీద తువ్వాల వేసుకుని, పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని, అడుగున చిల్లు పెట్టిన గుడ్డమూటలో పులిసిన పిండి పోసుకుని, కాగే నూనె మీద చెయ్యి తిప్పుతుంటే చుట్ల మీద చుట్లు పడి, ఉబ్బి, ఎర్రబడేవి. వాటిని సన్నటి ఇనుప చువ్వతో ఎత్తి పక్కనే ఉన్న పాకం గిన్నెలో ముంచేవాడు. పిండి పులుపు, కట్టెల పొగ, తడిసిన మోదుగాకుల వాసన, అద్దాల బీరువా మీద ముసిరే తేనెటీగల రొద అన్నీ కలిసి ఆ సందంతా ఉక్కగా ఉండేది.

అబద్ధమెందుకు, తీపి మీద నాకు మొదట్లో పగ లేదు. ఉగాదికి మా అవ్వ రాత్రే పప్పు నానబెట్టి, పొద్దున ఉడకబెట్టి, రోట్లో మెత్తగా రుబ్బి, బెల్లం కలిపి చేసే బచ్చాలను వేడివేడిగా నెయ్యి లేకుండానే ఆరేడు మింగేదాన్ని. పీర్ల పండుగకు మలీద ముద్దలు పంచితే ఒడి పట్టేదాన్ని, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి పట్టేదాన్ని. జాతరలో కొన్న చక్కెర చిలుకను తోక నుంచి మొదలుపెట్టి రెండు రోజులు నాకేదాన్ని, చీమలు పట్టినా దులుపుకుని నాకేదాన్ని. అవ్వ తిట్టేది, నేను పరుగెత్తేదాన్ని, మళ్ళీ వచ్చి వాకిట్లో అచ్చనగండ్లు ఆడుకునేదాన్ని.

ఇబ్బందంతా దీపావళి దాటాకే. పల్లికాయ పీకడం అయిపోతే ఊళ్ళో ఇంక కూలి దొరికేది కాదు. అప్పుడు మేస్త్రి లారీ వచ్చి ఆ మిఠాయి సందు చివర ఆగేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మా బోటివాళ్ళు గిన్నెలు, బొంతలు, పారలు మూటలు కట్టుకుని వచ్చి, బొంబాయి వైపు మట్టిపనికి అందులో ఎక్కేవాళ్ళు. పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలి వెళ్ళాలి. పిల్లలు లారీని పట్టుకుని వేలాడితే కాళ్ళు ముందుకు పడవు కదా, అందుకని తల్లులు ఒక ఉపాయం కనిపెట్టారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, వాళ్ళ బుర్రకు దండం పెట్టాలి.

మొదటిసారి నాకు ఐదేళ్ళు. ఆ పొద్దున అమ్మ నాకు తలకు పోసి, ఎర్ర రిబ్బను కట్టి, గద్వాలకు తీసుకొచ్చింది. సంగప్ప దుకాణంలో గోడవారగా ఉన్న పొడుగాటి బల్ల మీద కూర్చోబెట్టి, నా ముందు కాగితంలో రెండు జిలేబీలు పెట్టించింది. "తింటుండు బిడ్డా, ఇప్పుడే వస్త," అంది. రెండు! నా అంత భాగ్యవంతురాలు లేదనుకున్నాను. పాకం మోచేతి దాకా కారుతుంటే నాకుతూ నాకుతూ తలెత్తి చూస్తే పక్కన అవ్వ ఉంది, అమ్మ లేదు. బల్ల మీద నాలాంటి పిల్లలు ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు, ఒక్కొక్కళ్ళ పక్కనా ఒక ముసలమ్మ. బయట లారీ కదిలిన చప్పుడైంది. చివర కూర్చున్న పిల్లవాడు మొదలుపెట్టాడు, ఆ తరవాత అందరం ఒకేసారి ఏడ్చాం.

సంగప్ప పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి, "అళబ్యాడ మగూ, ఏడ్వొద్దు, ఇంకోటి తిను," అంటూ తలా ఒక జిలేబి పెట్టాడు. అవ్వ నా నోరు మూసి, "ఊకో, ఏడిస్తే ఆళ్ళ పయనం మంచిగ గాదు," అంది. ఆ మాటకు భయపడి పాకంతో పాటు ఏడుపూ మింగాను. మా ఊళ్ళో దాన్ని పయనం జిలేబి అనేవాళ్ళు. మరుసటి ఏడు నాకు సంగతి తెలుసు, అయినా తిన్నాను. ఆ తరవాతి ఏళ్ళూ తిన్నాను. తెలిసీ తిన్నందుకే నా మీద నాకు అసహ్యం వేసేది.

నాకు పదేళ్ళు నిండాక మాకు చెల్లెలు పుట్టింది. ఆ ఏడు పయనం ముందు అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"పనికాడ పసిదాన్ని ఎవలు జూస్తరు? ఈసారి నువ్వు గూడ రావాలె."

"మరి నర్సి?" అన్నాను. నర్సిములు నా తమ్ముడు, వాడికి నాలుగేళ్ళు. నా నడుం దిగేవాడు కాదు. నేను పెడితేనే తినేవాడు, నా పక్కనైతేనే పడుకునేవాడు.

"ఆడు అవ్వకాడ ఉంటడు. ఆణ్ణి దుకాణంల నువ్వే కూసోబెట్టి రా. నేనైతే ఇడువడు."

ఆ ఏడు బడి పోతుందని గానీ, చంటిపిల్లను ఎత్తుకుని ఎండలో తిరగాలని గానీ నాకు తట్టలేదు. వాణ్ణి తీసుకెళ్ళి అదే బల్ల మీద కూర్చోబెట్టాను. సంగప్ప నన్ను ఎగాదిగా చూసి, కాగితంలో రెండు జిలేబీలు పెట్టాడు. అవ్వ మొహం గోడవైపు తిప్పుకుంది.

"నువ్వు తినవా అక్కా?"

"నీళ్ళు తాగొస్త. నువ్వు తింటుండు."

"నీకొకటి ఉంచుత," అన్నాడు నర్సి. నేను వాడి చేతిని నా గౌను నుంచి విడిపించుకుని మెట్లు దిగాను.

ఉగాదికి తిరిగొచ్చినప్పుడు వాడు పరుగెత్తుకొచ్చి అమ్మ కాళ్ళకు చుట్టుకున్నాడు. నా దగ్గరికి రాలేదు. చిన్నపిల్లవాడు, రెండు రోజుల్లో మరిచిపోతాడని అవ్వ అంది. మాటలు కలిశాయి, ఆటలు కలిశాయి, ఇన్నేళ్ళుగా ఒకరికొకరం మంచికీ చెడుకీ నిలబడుతూనే ఉన్నాం. మళ్ళీ నా పక్కన మాత్రం వాడు ఎప్పుడూ పడుకోలేదు.

నర్సి ఇప్పుడు వనపర్తిలో ఆటో నడుపుతాడు. పోయిన నెల ఒక పెళ్ళికని ఇద్దరం గద్వాలకు వెళ్ళి, బస్సుకు ఇంకా టైముందని ఆ సందులోకి నడిచాం. బూంది దుకాణం సెల్‌ఫోన్ల కొట్టయింది. బాలూషాయి అమ్మినచోట కేకులమ్ముతున్నారు. సంగప్ప ఎప్పుడో పోయాడు, ఆయన పిల్లలు అమ్ముకుని వెళ్ళిపోయారట, ఆ జాగాలో పిల్లర్లు లేచాయి. లారీ ఆగే చోట ఏటీఎం ఉంది. కాలువ నీళ్ళు వచ్చి కొన్ని ఊళ్ళు నిలదొక్కుకున్నాయి, వెళ్ళేవాళ్ళు ఇంకా వెళుతూనే ఉన్నారు, కాకపోతే బస్సుల్లో.

నర్సి పిల్లర్ల ముందు ఆగాడు.

"గీడనే గదా అక్కా?"

"ఊఁ."

"నేను తిననే లేదు, ఎరుకేనా? నీ ఎనకనే మెట్ల మీదికొచ్చిన. లారీ మలుపు తిరిగేదాక జూసిన. నువ్వొక్కపారన్న ఎన్కకు మర్రి చూస్తవేమో అని."

వాడే మళ్ళీ, నన్ను ఒడ్డున పడేయడానికన్నట్టు, "అమ్మ చూడొద్దన్నదేమోలే. పయనం పోయేటప్పుడు ఎన్కకు చూడొద్దంటరు గదా," అన్నాడు.

"ఔ, అమ్మనే వద్దన్నది," అన్నాను.

అమ్మ వద్దనలేదు. వాడికి కనబడకూడదని మూటల చాటున దాక్కుని, నోట్లో కొంగు కుక్కుకుని, "జర జూడవే, తమ్ముడు బయటికొచ్చిండా?" అని నన్నే అడిగింది. నేను తల తిప్పకుండానే లేదన్నాను. ఐదేళ్ళు నన్ను వదిలేసి వెళ్ళిన లారీలో నేను కూర్చున్నాను, అమ్మ భుజం నా భుజానికి తగులుతోంది, ఆ సంతోషంలో నాకు నర్సి గుర్తే లేడు.

వాడు నమ్మాడు, తలూపాడు, నా సంచి అందుకుని బస్టాండు వైపు నడిచాడు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ మాట కాదనడానికి ఆమె లేదు.