గోనెపట్ట చుట్టిన ఆవిరి పైపు

నా చెయ్యి ఎలా కాలిందో ఇంతవరకూ ఎవరూ చెవిన పెట్టలేదు. హిందూపురంలో పట్టుగూళ్లను ఆవిరికి మెత్తబరిచి దారం తీసే షెడ్డులో పనిచేసేవాణ్ణి. బాయిలరు పైపు అతుకులోంచి ఆవిరి చిమ్మి మోచెయ్యి దాకా కాలింది. “ఇన్నేళ్లలో ఎవరికీ కాలనిది నీకే కాలిందా? కునుకు తీసుంటావు” అన్నాడు యజమాని. ఆ మాట నేను మరవలేదు.

ధర్మవరం పోయే రైల్లో, పెనుకొండ దాటాక, ఎదుటి సీటులోని ఆమె నా చేతినే చూస్తూ అడిగింది.

“ఆవిరేనా అన్నా?”

“ఆవిరే. హిందూపురం షెడ్డులో.”

“కిటికీ కాడ పైపా?”

“నీకెట్ల తెలుసమ్మా?”

ఆమె కొంగు తొలగించి చెయ్యి చూపింది. నాకున్న మచ్చే, మోచేతి దాకా.

“నీకు ముందు ఆడ కూర్చున్నది నేనే. నా చెయ్యి కాలేది చూసిన యజమానే అతుక్కి తడి గోనెపట్ట చుట్టించినాడు. ఇంకా అదే ఉండాదా?”

“అదే ఉండాది.”

“గోనెకున్న ఓపిక మనకు లేకపాయె” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

షెడ్డు యజమానిగారూ, ఆమె చెయ్యి మీ కళ్లముందే కాలింది. మళ్లీ ఆ పైపు పక్కనే నన్నెందుకు కూర్చోబెట్టారు? ఇప్పుడైనా జవాబు చెప్పండి.