తార్నాక సెమినార్‌లో నేను ఆడిన అబద్ధం

ఏలూరు నుంచి తార్నాక ప్రయాణం ఒక సెమినార్ కోసం మొదలైంది. అభివృద్ధి పనులకు అప్పులిచ్చే అంతర్జాతీయ బ్యాంకులను ఎలా సంస్కరించాలి, ఆ పనుల వల్ల జనం ఇల్లు, తిండి, వైద్యం లాంటి హక్కులు పోగొట్టుకోకుండా ఎలా చూడాలి అన్నది చర్చ. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను, తీరిక వేళల్లో అనువాదాలు చేస్తాను. అలాంటి ఒక బ్యాంకు కాగితాలు గతంలో తెలుగులోకి మార్చాను కాబట్టి నన్నూ ఒక పత్రం చదవమన్నారు. యూనివర్సిటీలో మాట్లాడడం నాకదే మొదటిసారి. స్టాఫ్‌రూములో అందరికీ చెప్పుకుని మరీ బయల్దేరాను.

రైలు తెల్లవారి ఆరింటికి సికింద్రాబాదు చేరింది. స్టేషన్ బయటికొచ్చి కాస్త నడిస్తే మెట్రో. అక్కణ్ణుంచి రెండో స్టేషనే తార్నాక, పది నిమిషాలు కూడా పట్టదు. సామాను ఎక్కువ లేకపోతే రైలు దిగగానే ఆటో కోసం బేరాలాడాల్సిన పనే లేదు. తార్నాకలో ఇడ్లీ తిని, క్యాంపస్ లోపలికి మాత్రం ఆటో ఎక్కాను. ఎనభై రూపాయలు తీసుకున్నాడు. లోపల దూరాలు ఎక్కువ, ఎండలో నడవలేం. దారిలో డ్రైవరు అడిగాడు: "ఏం మీటింగ్ మేడం?"

"ప్రాజెక్టుల్లో ఇళ్లు పోయినవాళ్ల హక్కుల గురించి."

"అయితే ఇండ్లు పోయినోళ్లు గూడ వస్తున్నరా?"

"లేదు, ప్రొఫెసర్లు వస్తారు" అన్నాను. అప్పుడు నాకా మాటలో తేడా ఏమీ కనపడలేదు.

పదకొండు గంటలకు నా వంతు వచ్చింది. బ్యాంకుల్లో ఫిర్యాదులు వినే విభాగాలు ఉన్నాయని, ఇల్లు పోయిన ఏ మనిషైనా తన భాషలోనే అక్కడికి రాసుకోవచ్చని, కానీ అవగాహన లేక మన జనమే వాటిని వాడుకోవడం లేదని చదివాను. చప్పట్లు కొట్టారు. తర్వాత ప్రశ్నలు. వెనక వరసలో పరిశోధన చేస్తున్న సంధ్య అనే అమ్మాయి లేచి, తను మాట్లాడనని, పక్కనున్న యాదమ్మగారు మాట్లాడతారని చెప్పింది. యాదమ్మకు యాభై దాటి ఉంటాయి. ఓ ప్రైవేటు హాస్టల్లో వంట చేస్తుందట. అలాంటి బ్యాంకు అప్పుతో మురుగు కాలువ వెడల్పు చేసే పనిలో ఆమె ఇల్లు కూల్చేశారట. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పెట్టిన ఒక కరపత్రం. మైకు పట్టుకుని అడిగింది.

"వాడుకుంటలేరు అన్నరు గద మేడం. గిది ఇచ్చిర్రు మాకు. 'ప్రతికూల ప్రభావానికి లోనైన వ్యక్తులు నిర్దేశిత వ్యవధిలో ఫిర్యాదు పరిష్కార యంత్రాంగమును ఆశ్రయించవచ్చును.' నా బిడ్డ పది చదివింది, దానికే సమజ్ గాలె. యంత్రం అంటే మిషనే గద? మేం జేసీబీ అనుకున్నం. కూలగొట్టెటోన్నే బతిమాలుకోమంటున్నరేమో అని పోయి ఆ డ్రైవర్ కాళ్లు మొక్కినం. గిది ఎవరు రాసిర్రు మేడం?"

కొందరు నవ్వబోయి ఆపుకున్నారు. ఆ వాక్యం నాది. మొదట నేను 'ఇల్లు పోయినవాళ్లు ఫలానా తేదీలోగా ఈ ఆఫీసుకు ఉత్తరం రాయొచ్చు' అనే రాశాను. బ్యాంకు తరఫున కాగితం తీసుకున్న కన్సల్టెంట్, మరీ మామూలుగా ఉంది మేడం, కొంచెం హుందాగా మార్చండి అన్నాడు. నాకు భాష రాదనుకుంటాడేమోనని అప్పటికప్పుడు మార్చి ఇచ్చాను. ఎవరికీ అర్థం కాదని ఆ క్షణంలోనే నాకు తెలుసు.

హాలంతా నా వైపు చూస్తోంది. "ఎవరో ఆఫీసు వాళ్లు రాసుంటారండీ" అన్నాను.

"అంతేలే" అని యాదమ్మ కూర్చుంది. భోజనాల దగ్గర అందరూ ఆమె ప్రశ్న ఎంత బాగుందో చెప్పుకుంటున్నారు. నా పత్రాన్ని పుస్తకంలో వేస్తామని ఒకాయన అన్నాడు. పళ్లెం పక్కన పెట్టి లేచాను. యాదమ్మ కోసం చూస్తే ఆమె తినకుండానే వెళ్లిపోయిందని, లాలాపేట్‌లో ఉంటుందని సంధ్య చెప్పింది. ఎందుకని అడక్కుండా తన స్కూటీ మీద తీసుకెళ్లింది. పావుగంట దారి.

ఒక్క గది ఇల్లు. యాదమ్మ గుమ్మంలో కూర్చుని హాస్టలు సాయంత్రం కూరకు చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను నిలబడే చెప్పాను. "యాదమ్మగారూ, ఆ కాగితం రాసింది నేనే. అక్కడ అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి."

ఆమె చేతులు ఆగాయి. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సదువుకున్నోళ్లు, మీకు తెల్వదా మాకు సమజ్ గాదని?"

"తెలుసు."

"తెలిసే రాసినవా!" అంది. 'మీరు' అక్కడితో పోయింది. "తారీఖు అయిపోయినంక ఓ వకీల్ సాబ్ సదివి చెప్పిండు, ఉత్తరం రాస్తే అయిపోవునని. గప్పటికి గోడలు గూడ లెవ్వు. ఇప్పుడు నాకొక్కదానికి చెప్తే ఏం ఫాయిద? మైకుల అబద్ధం చెప్పినవ్, మైకులనే నిజం చెప్పు. పో."

"మీరు కూడా రండి."

"నూరు మందికి వండాలె. నేనెట్ల వస్త?"

నాలుగున్నరకు ముగింపు సభ. బయటి ఊళ్లవాళ్లు వెళ్లిపోయారు, సగం కుర్చీలు ఖాళీ. తీర్మానాలు చదువుతుండగా అనుమతి అడిగి మైకు తీసుకున్నాను. ఆ కరపత్రం నాదేనని, పొద్దున అబద్ధం చెప్పానని, జనానికి అవగాహన లేదన్న నా మాట తప్పని, అర్థం కాకుండా చేసింది నేనేనని చెప్పాను. పుస్తకంలో నా పత్రం వెయ్యొద్దన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. సంధ్య లేచి తీర్మానంలో ఒక వాక్యం కలపమంది: ఇల్లు పోయే మనుషులకు కాగితం చదివి వినిపించి, వాళ్లు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే బ్యాంకు డబ్బు విడుదల చేయాలి. కొంత వాదన జరిగి, చివరికి చేర్చారు.

నా మాటల్ని ఫోన్లో రికార్డు చేసి సంధ్య యాదమ్మకు పంపింది. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఉండగా ఆమే ఫోన్ చేసింది. వెనక గిన్నెల చప్పుడు. "ఇన్న. మంచిగనే చెప్పినవ్. నా ఇల్లైతే రాదు గద" అంది. రాదన్నాను. "ఇంకో బస్తీల గూడ కాయితాలు పంచిర్రంట. సంధ్యతోని పంపిస్త. సక్కగ రాసియ్యి. ముందుగాల నాకు ఫోన్ల సదివి ఇనిపియ్యి" అని పెట్టేసింది.

అవి వచ్చాయి, రాశాను, చదివి వినిపించాను. రెండు మాటల దగ్గర ఆమె ఆపింది, మార్చాను. అయినా సిగ్గు తగ్గలేదు, తగ్గాలని కోరుకోవడం కూడా సరికాదేమో. పెద్ద బ్యాంకులు మారాలని గంటసేపు చెప్పగలిగినదాన్ని, ఆ బ్యాంకుకూ ఆ గుమ్మానికీ మధ్య నేనొకదాన్ని ఉన్నానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఎక్కడో దూరాన ఉన్న ఆఫీసు చేసిన అన్యాయంలో నా చేతిరాత ఉంది. ఇలాంటి సభకు తార్నాక వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: తిరుగు రైలు రాత్రి ఎనిమిది తర్వాతది తీసుకోండి. భోజనం కాగానే లేచి వస్తే, చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఊరు చేరిపోతారు.