సత్యమూర్తి గారికి నేనివ్వని కత్తెర

కరోనా రావడానికి ముందు ఏడాది, వానాకాలం. ఏలూరులో మాది చిన్న ఆసుపత్రి, ఒక్కటే ఆపరేషన్ థియేటర్. అందులో నేను స్క్రబ్ నర్సుని. అంటే సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందించే మనిషిని. మా సర్జన్ సత్యమూర్తి గారు. ఇరవై రెండేళ్లు ఆయనతో పనిచేశాను. కైకలూరు నుంచీ, కొల్లేటి లంకల నుంచీ వచ్చేవాళ్లు ఆసుపత్రి పేరు చెప్పేవారు కాదు, "మూర్తి గారి దగ్గరికెళ్తన్నామండీ" అనేవారు.

ఆయన నోటితో ఏదీ అడిగేవారు కాదు. చెయ్యి చాపితే, వేళ్లు పెట్టిన తీరుని బట్టి ఏం కావాలో నాకు తెలిసేది. కొత్త డాక్టర్లు చూసి ముచ్చటపడేవారు. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు! మధ్యాహ్నం ఎంత ఆలస్యమైనా ఇంటికెళ్లి భార్య సుభద్రమ్మ గారితో కలిసి అన్నం తినాల్సిందే. ఆదివారాలు మాత్రం తాడేపల్లిగూడెంలో ఉన్న కూతురికీ మనవరాలికే. అత్యవసరమైతే తప్ప ఆ రోజు కత్తి పట్టేవారు కాదు.

ఆ ఏడాది వేసవి నుంచి ఒక తేడా కనిపించింది. చాపిన చెయ్యి ఏమీ అడగడం లేదు. వేళ్లు ఊరికే తెరిచి ఉంటున్నాయి. నేను ఏది పెడితే దాంతో పని సాగిపోతోంది. ఆయన వెనక నేను నడవాల్సింది, నా వెనక ఆయన నడుస్తున్నారు. పెద్దాయన అలిసిపోతున్నారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా నోటికి వార్డంతా హడలిపోయేది. ఆ నోరు అక్కడ మాత్రం పెగల్లేదు.

అలాంటప్పుడు వచ్చాడు ఏడుకొండలు. కొల్లేటి లంకలో చేపల చెరువు కాపలా మనిషి. గాల్ బ్లాడర్‌లో రాళ్లు, పైగా చీము. పొట్ట తెరిచే చెయ్యాలన్నారు. థియేటర్ తలుపు దగ్గర అతని భార్య నాగమణి నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ సిస్టరు గారూ, మూర్తి గారే చేస్తారు కదండీ?"

"ఆయనే చేస్తారు. నువ్వెళ్లి కూర్చో అమ్మా."

"అయితే నాకింక బెంగ లేదండీ."

ఆమె చెయ్యి విడిపించుకుని లోపలికెళ్లి చేతులు కడుక్కున్నాను.

గాల్ బ్లాడర్ తీసేటప్పుడు దానికున్న సన్నటి గొట్టమే కొయ్యాలి. పక్కనే లివర్ నుంచి పైత్యరసం తెచ్చే పెద్ద గొట్టం ఉంటుంది. అది తెగిందా, ఆ మనిషి బతుకు నరకమే. చీము వల్ల ఆ రోజు లోపలంతా అతుక్కుపోయి ఉంది. డాక్టర్ గారు ఒక గొట్టాన్ని క్లాంప్‌తో, అంటే బిగించి పట్టే పట్టకారుతో పట్టి, చెయ్యి చాపారు. వరసలో తర్వాతిది కత్తెర. అది నా చేతిలోనే ఉంది. కానీ ఆ గొట్టం నాకు లావుగా అనిపించింది.

నేను ఇవ్వలేదు.

ఆ చెయ్యి అలాగే ఆగింది. ఆయన తలెత్తి మాస్కు పైనుంచి నన్ను చూశారు. బస్సు దిగి, ఇది ఏ ఊరో పోల్చుకోలేని మనిషిలా చూశారు.

"మార్తమ్మా... ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

మత్తు డాక్టర్ విన్నారు. వెంటనే పక్కవీధిలోని ఇంకో సర్జన్‌ని పిలిపించారు. ఆయన వచ్చి, చూసి, క్లాంప్ తీసేశారు. "ఇది పెద్ద గొట్టమండీ" అని మాత్రం అన్నారు. ఏడుకొండలు బతికాడు. పది రోజులకి నడిచి ఇంటికెళ్లాడు. మూర్తి గారు మాత్రం ఆ తర్వాత మళ్లీ థియేటర్లో అడుగుపెట్టలేదు. మతిమరుపు జబ్బు అని పరీక్షల్లో తేలింది.

నెల తర్వాత వాళ్లింటికెళ్లాను. సుభద్రమ్మ గారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి గొంతు తగ్గించారు.

"ఇంట్లోనూ ఇంతేనమ్మా. చొక్కా చేతికిస్తే తొడుక్కునేవారు. తాళాలు చేతికిస్తే బయల్దేరేవారు. అక్కడ మార్తమ్మ ఉందిగా, తేడా ఉంటే చెబుతుందిలే అనుకున్నాను."

"మీరు చెబుతారని నేననుకున్నానండీ."

ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి ఏం లాభం?

ఆ రోజు ఆయనకి తెలివి బాగానే ఉంది. ఎదురుగా కూర్చోమన్నారు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

"వేసవి నుంచండీ."

"నా పరువు కాపాడుకుంటూ వచ్చావన్నమాట."

నేను తల దించుకున్నాను.

"మరి అప్పట్నుంచీ ఆ బల్ల మీద పడుకున్నవాళ్లని ఎవరు కాపాడారు?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు.

ఆయన పోయి రెండేళ్లయింది. సంతాప సభలో అందరూ ఆయన హస్తవాసి గురించే మాట్లాడారు. అందులో అబద్ధమేమీ లేదు. నన్నూ మాట్లాడమన్నారు. "ఆయన నాకు తండ్రిలాంటివారు" అని కూర్చున్నాను. ఇప్పుడు నేను కొత్త నర్సులకి పని నేర్పుతున్నాను. సర్జన్ చెయ్యి తడబడితే దాన్ని మీ చేత్తో సర్దకండి, పని ఆపి నోరు తెరిచి అడగండి అని చెబుతాను. నోరు లేనట్టు ఉండటం గౌరవం కాదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆలస్యంగా. ఆ వేసవి నుంచి ఆపరేషన్ అయినవాళ్ల పేర్లు రాసుకుని దగ్గర పెట్టుకున్నాను. వాళ్లందరూ ఎలా ఉన్నారో వెళ్లి కనుక్కునే ధైర్యం మాత్రం నాకు ఈనాటికీ రాలేదు.